ఇనుము పడుకున్న పూట

నా రివెట్టుకి,

మీ నాన్న రాస్తున్నాడు. ఏడు నెలలుగా ఫోను చేస్తున్నాను, ఎత్తవు. ఉత్తరమైతే చింపేలోపు ఒక్క వాక్యమైనా కంట పడుతుంది కదా అని కాగితం పట్టుకున్నాను. ఈ వయసులో నాచేత రాత పని చేయిస్తున్నావు, అదీ నీ గొప్పే. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే కాబట్టి తప్పులుంటే పంతులమ్మను తిట్టుకో.

నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు, నేను ఇనప దూలాల మీద కొలతలు గీసుకునే సుద్దముక్క లాక్కుని, వెనక తలుపు మీద నాచేత అ ఆలు దిద్దించావు. నాకప్పటికి నలభై దాటాయి. చెయ్యి సుత్తికి అలవాటు పడిపోయింది, సుద్దముక్కలు పుటుక్కున విరిగేవి. "అక్షరాన్ని కొట్టకు నాన్నా, రాయి" అనేదానివి. దూలాలు కలిపే మేకులా పొట్టిగా, గట్టిగా, ఒకసారి బిగుసుకుంటే ఊడకుండా ఉంటావని నీకు రివెట్టు అని పేరు పెట్టాను. ఇప్పుడు నా మీదే బిగుసుకున్నావు.

విషయానికొస్తాను. వచ్చే నెల పదో తారీఖున బస్సు డిపో ప్రమాదం మీద విచారణ. నన్నూ పిలిచారు. వాళ్ళకి చెప్పే ముందు నీకు చెప్పాలి.

ఆ రోజు ఆసుపత్రి వసారాలో నన్ను నిలబెట్టి అడిగావు, గుర్తుందా? లోపల మీ ఆయన కాలికి కడ్డీలు వేస్తున్నారు. నువ్వు చెప్పులు కూడా వేసుకోలేదు, అలాగే వచ్చేశావు.

"నువ్వే చెప్పావటగా, పడుకుందని?"

"చెప్పాను."

"ఎవరితో? మీ ముఠాలో వాళ్ళతోనా? మంటలార్పే ఆఫీసరుతో! ఆయనకేం తెలుసు నాన్నా మీ భాష? మంట పడుకుందనుకున్నాడు. మా ఆయన్ని లోపలికి పంపాడు."

"అర్థం కాకపోతే అడగాలి."

అంతే అన్నాను. నువ్వు నా మొహం వంక చూసి, "ఇప్పుడు కూడా నెగ్గాలనే చూస్తున్నావు, ఇంక నాతో మాట్లాడకు" అని లోపలికి వెళ్ళిపోయావు. నేనూ వచ్చేశాను. ఆ మాట ఇప్పటికీ అంటాను. అర్థం కాకపోతే అడగాలి.

పడుకుంది అన్న మాట ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పటినుంచి మన ఇంట్లో అన్నం పళ్ళాల ముందు విన్నదే. వంకరపోయిన దూలాన్ని సరిచెయ్యడానికి గ్యాసు మంట పెడతాం. ఒకే చోట, నెమ్మదిగా, బిడ్డకి నూనె రాసినట్టు. కాసేపటికి అది మొండితనం వదిలేస్తుంది. "పడుకుంది" అంటాం. అప్పుడు చేత్తో నెట్టినంత సుఖంగా దారికొస్తుంది. చల్లారాక "లేచింది" అంటాం. లేచిన ఇనుము మళ్ళీ ఎప్పటిలా మొయ్యగలదు. పడుకున్నది మాత్రం తన బరువు తాను మొయ్యలేదు, ఇంకొకరి బరువేం మోస్తుంది?

జనానికి ఇనుము గురించి ఒక పిచ్చి నమ్మకం ఉంది. కరిగేదాకా గట్టిగానే ఉంటుందని. కరగడం ఎక్కడ, మెత్తబడడం ఎక్కడ! కరగడానికి కావలసిన వేడిలో మూడో వంతు తగిలేసరికే దాని బలం సగం పోతుంది. అప్పటికి అది సరిగ్గా ఎర్రబడనైనా ఎర్రబడదు. చీకటి కొట్లో అయితే ఏదో కందిన ఛాయ కనిపిస్తుందేమో. పట్టపగలు ఆరుబయట నువ్వు చూస్తే నల్లగా, ఎప్పటిలాగే, మర్యాదగా నిలబడి ఉంటుంది. చూసినవాడు దాన్ని నమ్ముతాడు. అక్కడే కొంప మునిగేది.

అందులోనూ అది డీజిలు మంట. కట్టె పేళ్ళ మంటలా మెల్లగా రాజుకుని మెల్లగా ఆరేది కాదు. కాలవలా పారుతూ మండుతుంది. పైపూత ఏదీ లేని దూలం కింద పది పదిహేను నిమిషాలు మండితే చాలు. సన్నవి ముందు పడుకుంటాయి, లావువి ఆలస్యంగా. ఈలోపల పొడుగు కూడా సాగుతాయి. ముప్పై అడుగుల దూలం మూడు అంగుళాలు పెరుగుతుంది. అటూ ఇటూ చోటు లేకపోతే స్తంభాలని నెడుతుంది, బోల్టులని తెంపుతుంది, లేదా నడుము వంచి కిందికి జారుతుంది. ఇవన్నీ నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఆ డిపో షెడ్డులో ప్రతి దూలమూ నేను ఎత్తించిందే. ఏది ఎంత లావో నా అరచేతికి తెలుసు.

కాబట్టి నేను తప్పు చెప్పలేదు. ఉన్నదే చెప్పాను. విచారణలోనూ ఇదే చెప్తాను. నువ్వు కోపం తగ్గించుకుంటే మంచిది, తగ్గించుకోకపోతే నీ ఇష్టం. నీ ఆరోగ్యం చూసుకో. మీ ఆయన్ని, అదే మన నీళ్ళ గొట్టాన్ని, అడిగానని చెప్పు. కర్ర ఏ చేత్తో పట్టుకుంటున్నాడు? దెబ్బ తగిలిన కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి. అదైనా ఎవరైనా చెప్పారో లేదో.

మీ నాన్న,
మేస్త్రి

* * *

రివెట్టుకి,

నీ కార్డు అందింది. ఏడు నెలల తర్వాత ఒక్క వరస. "నాన్నా, నువ్వు చెప్పింది నాకు తెలుసు, చెప్పనిది రాయి." కింద సంతకం కూడా లేదు. పోస్టు తెచ్చి ఇచ్చిన ఆమె, "మీ అమ్మాయి కార్డేనా, బాగున్నారా అంతా?" అంది. "బాగున్నారు" అన్నాను. ఆ కార్డు వారం రోజులు కిటికీలో పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. గోడకి మేకు కొట్టినట్టు కొట్టావు.

చెప్పనిది ఉంది.

ముందు నా కునుకుల సంగతి రాయాలి, లేకపోతే మిగతాది రాయడానికి చెయ్యి రావడం లేదు. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలితే చాలు, అదే షెడ్డు వస్తోంది. కానీ మంట ఉండదు. పొగ ఉండదు. లోపలంతా తేనె రంగు వెలుతురు. దూలాలు ఊపిరి పీలుస్తుంటాయి. పీల్చినప్పుడు పైకి, వదిలినప్పుడు కిందికి, పడుకున్న గేదె డొక్కలా. నేను మధ్య దూలం మీద నడుస్తుంటాను, కుర్రతనంలో నడిచినట్టు, చేతులు చాపి. పాదం వేసిన చోటల్లా దూలం దిగుతుంది, తీసిన చోటల్లా లేస్తుంది. భయం ఉండదు. దూరంగా చివర మీ అమ్మ కూర్చుని ఉంటుంది, కాళ్ళు కిందికి వేలాడేసి, ఒళ్ళో ఏదో పెట్టుకుని వలుస్తూ. "అక్కడే ఆగు, బరువు చాలదు దీనికి" అంటుంది. ఎవరి బరువు అని అడుగుతాను. నవ్వుతుంది. అంతలో మెలకువ వస్తుంది, దిండు తడిసి ఉంటుంది. చెమటే.

మీ అమ్మ బతికుండగా ఒక్కసారి కూడా దూలం ఎక్కలేదు. నిచ్చెన చూస్తేనే ఆమెకి కళ్ళు తిరిగేవి. ఆమె అక్కడ ఎందుకు కూర్చుంటోందో నాకు తెలియదు.

ఇప్పుడు ఆ పొద్దున సంగతి. పది గంటలు అయి ఉంటుంది. నేను రోజూ కూర్చునే చోటే, డిపో గేటు ఎదురు అరుగు మీద కూర్చుని ఉన్నాను. డీజిలు పోసే గొట్టం ఊడిందట, నిప్పు ఎక్కడిదో ఇప్పటికీ తేలలేదు. డ్రైవర్లూ కండక్టర్లూ అందరూ పరిగెత్తుకొచ్చేశారు. మంటలార్పే బండ్లు వచ్చాయి, నురగ కొట్టారు. గేటు వైపు మంట చప్పున అణిగింది. కానీ షెడ్డు మధ్యలో నేల మీద నీళ్ళ కాలవ ఉంటుంది, బస్సులు కడిగినప్పుడు నీళ్ళు పోవడానికి. డీజిలు అందులోకి దిగి, పొట్టిగా, దాక్కుని మండుతోంది. సరిగ్గా మధ్య దూలం కింద. నేను గేటు దాటి లోపలికి పోయాను. నన్నెవరూ ఆపలేదు. ముసలాళ్ళు ఎవరికీ కనపడరు.

అక్కడ పెద్దాఫీసరు నిలబడి ఉన్నాడు. వెనక నలుగురు ముసుగులూ టోపీలూ పెట్టుకుని, వీపున గాలి సిలిండర్లతో సిద్ధంగా ఉన్నారు. ఆయన షెడ్డు వంక చూసి పక్కనున్నవాడితో, "ఎవడు కట్టాడయ్యా ఈ రేకుల డబ్బా?" అన్నాడు.

అది నా చెవిన పడింది.

రివెట్టూ, ఆ షెడ్డు నీకు మూడేళ్ళప్పుడు కట్టాను. గాలివాన వస్తే ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని అందులోకి వచ్చి నిలబడేవాళ్ళు. ఒక్క రేకు లేవలేదు ఎప్పుడూ. డబ్బా! నా ఒంట్లో వేడి ఎక్కింది. "నేనే కట్టాను" అని ముందుకొచ్చాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. "అయితే చెప్పండి పెద్దాయనా, ఎలా ఉంది?" అన్నాడు.

ఏది ఎలా ఉంది అని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. నా చూపు దూలం మీద ఉంది, ఆయన చూపు మంట మీద ఉంది. మధ్య దూలం కడుపు దిగడం మొదలైంది. ఇంకెవరికీ కనపడదు అది, నాకు మాత్రం తెలుస్తుంది. అర అంగుళం. నేను, "పడుకుంది" అన్నాను. ఒక్క ముక్క. డబ్బా అన్నవాడికి రెండు ముక్కలు దండగ అనిపించింది.

ఆయన "హమ్మయ్య" అన్నాడు.

ఆ హమ్మయ్య దగ్గరే, నా తల్లీ, నాకు అర్థమైపోయింది. ఇనుము మెత్తబడిందంటే హమ్మయ్య అనేవాడు ఎవడుంటాడు? మంట అణిగిందనుకున్నాడని నాకు ఆ క్షణమే తెలుసు. ఆయన చెయ్యి ఎత్తి ముందుకి ఊపాడు. ముసుగుల వాళ్ళలోంచి ఒకడు లోపలికి కదిలాడు. నేను అరవాలి. "మంట కాదు, దూలం!" మూడే మాటలు. నోట్లో ఉన్నాయి. నేను అరవలేదు.

ఎందుకు అరవలేదో ఏడు నెలలుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఒకటి నిజమే, నేను మైమరచిపోయాను. నేను ఎత్తించిన దూలం, ఎన్ని వేసవులు చూసినా తల వంచనిది, అంత మెల్లగా, అంత అందంగా నడుము దించుతోంది. చప్పుడు లేదు. చుట్టూ అరుపులు ఏవో నీళ్ళ అడుగు నుంచి వినపడుతున్నట్టున్నాయి. ఉయ్యాల్లో బిడ్డ కళ్ళు మూతపడుతుంటే చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. ఎవరితోనైనా ఇంతవరకు చెప్పుకోవచ్చు. జాలిపడతారు.

రెండోది ఎవరికీ చెప్పుకోలేనిది. నాకు గొంతు ఉంది. కాళ్ళు ఉన్నాయి. లోపల ఒక మూల, "డబ్బా అన్నావుగా, ఇప్పుడు చూడు" అనిపించింది. అంతే. ఇరవై లెక్కపెట్టేంత సేపు. ఆ ఇరవైలో ఒక మనిషి లోపలికి పోయాడు.

ముసుగులో ఉన్నది మన గొట్టమని నాకు తెలియదు. తెలిస్తే అరిచేవాణ్ణి, ప్రాణం పోయేలా అరిచేవాణ్ణి. అదే ఇంకా సిగ్గు. మన అల్లుడైతే మనిషి, ఇంకెవరి అల్లుడో అయితే కాదా?

తర్వాత రేకులు పడిన చప్పుడు నువ్వు రెండు వీధుల అవతల విన్నావు. బస్సు కింద ఇరుక్కున్న మెకానిక్కుని లాక్కుంటూ గొట్టం బయటికి రావడం, చివరి అడుగులో కాలు దూలం కింద ఉండిపోవడం, అప్పుడు టోపీ ముసుగుతో సహా ఊడడం. అప్పుడు చూశాను ఎవరో.

విచారణలో ఏం చెప్పాలో ఇప్పుడు తెలియడం లేదు. పడుకుంది అంటే మా ముఠాలో అర్థం ఇదండీ అని చెప్తే చాలు, నేను గట్టున పడతాను, ఆఫీసరు మునుగుతాడు. ఉద్యోగం పోతుందని విన్నాను. మిగతాది నా కళ్ళూ నా నోరూ తప్ప ఎవరూ చూడలేదు. ఇప్పుడు నువ్వు చూశావు.

చదివాక చింపెయ్యొద్దు. దాచుకోమనీ అనను.

నాన్న

* * *

అమ్మా రివెట్టూ,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. రావాలని కూడా నేను అనుకోలేదు. విచారణ అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఈసారి అలకలూ గొప్పలూ ఏమీ లేకుండా. ఉంటే కొట్టేసి చదువుకో.

పెద్ద గది. పొడుగు బల్ల. అవతల ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో కళ్ళజోడు ఆమె పెద్ద. పక్కన ఒకతను టకటకా రాసుకుంటున్నాడు. ఇవతల కుర్చీలో పెద్దాఫీసరు. యూనిఫాం వదులైపోయింది, మనిషి సగమయ్యాడు. గోడవారగా బెంచీ మీద మీ ఆయన, కర్ర పట్టుకుని. నీకు చెప్పకుండా వచ్చాడని నాకు తర్వాత తెలిసింది. చెకప్పుకి అని చెప్పాడటగా. కర్ర సరైన చేత్తోనే పట్టుకున్నాడు.

కళ్ళజోడు ఆమె నన్ను అడిగింది. "ఇనుము కరిగిందాండీ?"

"లేదమ్మా."

"కరగనిది ఎందుకు పడింది?"

"కొవ్వొత్తిని ఎండలో పెట్టండి. కరగదు. వంగుతుందా లేదా?" అన్నాను. ఆమె తల ఊపింది. రాసుకునే అతను ఆగి నా వంక చూశాడు. కొవ్వొత్తి కూడా రాయాలా అన్నట్టు.

ఆ తర్వాత ఆ మాటకి అర్థం అడిగారు. చెప్పాను. ముఠా సంగతి, గ్యాసు మంట సంగతి, సన్నవీ లావువీ, అన్నీ. ఆమె, "అంటే మీరు హెచ్చరించారు. అధికారి పొరబడ్డారు. అంతేగా?" అంది. చాలా మర్యాదగా అడిగింది. తలుపు తెరిచి, దారి చూపించి, చెప్పులు కూడా ముందు పెట్టినట్టు. అవునండీ అంటే ఇంటికి పోవచ్చు. నేను ఆఫీసరు వంక చూశాను. ఆయన తల దించుకుని తన చేతులు చూసుకుంటున్నాడు.

"అంతే కాదమ్మా" అన్నాను.

మిగతాది చెప్పేశాను. హమ్మయ్య, ఇరవై లెక్క, డబ్బా. నీకు రాసింది రాసినట్టు. నేను ఎక్కువసేపు చెప్పలేదేమో కానీ, నాకు మాత్రం పొడుగ్గా, మెత్తగా, ఆ మధ్యాహ్నపు కునుకులో నడిచినట్టే ఉంది. ఒక్కో మాటా పాదం కింద దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. అయ్యాక కూర్చోమన్నారు. కూర్చోలేదు.

పెద్దాఫీసరు అప్పుడు తల ఎత్తాడు. "డబ్బానా? నేనన్నానా?"

"అన్నారు."

"నాకు గుర్తే లేదండీ. ఏ పాత షెడ్డు చూసినా నా నోటికి అదే వస్తుంది. మీరు కట్టారని కూడా నాకు అప్పటికి తెలియదు."

విన్నావా? నా నోరు కట్టేసిన మాట ఆయనకి గుర్తే లేదు. ఏడు నెలలు నేను ఆ మాట పట్టుకుని మోశాను, అన్నవాడు అక్కడికక్కడే పారేసుకుని పోయాడు. నాకు నవ్వొచ్చింది. విచారణలో నవ్వకూడదని ఆపుకున్నాను, దగ్గొచ్చింది, నీళ్ళిచ్చారు.

నేను నీళ్ళు తాగుతుండగా వెనక కర్ర నేలకి తగిలిన చప్పుడు. మన గొట్టం లేచాడు. "అమ్మా, నేనొకటి చెప్పాలి" అన్నాడు.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. వీలైతే కూర్చుని చదువు.

"ఆ మాట నేను విన్నాను. సార్ వెనక మూడడుగుల్లో ఉన్నాను. నాకు దాని అర్థం తెలుసు. పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు వీళ్ళింట్లోనే ఉన్నాం. రోజూ భోజనాల దగ్గర మామయ్య ఇనుము గురించే మాట్లాడేవారు. పప్పు చల్లారినా లేచింది అనేవారు. పడుకుంది అనగానే అది దూలం అని నాకు తెలిసిపోయింది. సార్ చెయ్యి ఊపకపోయినా నేను వెళ్ళేవాణ్ణి. బస్సు కింద నుంచి ఎవరో పానాతో గొట్టం మీద కొడుతున్నారు. మూడు దెబ్బలు, ఆగి మూడు దెబ్బలు. అది నాకే వినపడింది."

కళ్ళజోడు ఆమె, "తెలిసీ వెళ్ళారా?" అంది.

"తెలుసు కాబట్టే మధ్యలోంచి వెళ్ళలేదండీ. గోడవార లావు స్తంభాల వెంట వెళ్ళాను, ఆ వెంటే వచ్చాను. సన్నవి ముందు పడుకుంటాయి, లావువి ఆలస్యంగా అని మామయ్య చెప్పిందే. తెలియనివాడు తిన్నగా మధ్యలోంచి వెళ్ళేవాడు. నేనూ ఉండేవాణ్ణి కాదు, ఆ మెకానిక్కూ ఉండేవాడు కాదు. మధ్య దూలం పడుతూ పడుతూ పక్కదాన్ని లాగింది. అదొక్కటి మామయ్య చెప్పలేదు."

"చెప్పాను. నువ్వు మజ్జిగ పోసుకుంటున్నావు" అన్నాను. గదిలో అందరూ నవ్వారు, రాసుకునే అతను కూడా. అది రాశాడో లేదో తెలియదు.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చున్నాం ఇద్దరం. మీ ఆయన కాలు చాపి, నేను ముడుచుకుని. "ఇది మీ ఆవిడకి ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను. కర్ర తీసి పక్కన పెట్టాడు.

"పాప పుట్టినప్పుడు మాటిచ్చాను మామయ్యా. పైవాళ్ళు పంపితే తప్ప నా అంతట నేను మంటలోకి వెళ్ళనని. తెలిసి తెలిసి వెళ్ళానని తెలిస్తే తట్టుకోలేదు. మీవల్ల అనుకుంటే, మీ మీద కోపం కదా, రెండు నెలల్లో పోతుందనుకున్నాను. నా మీదయితే జన్మంతా ఉంటుంది."

"రెండు నెలలా? ఎనిమిదో నెల నడుస్తోంది. నీకు పెళ్ళాం సంగతి తెలియదు, దూలం సంగతే తెలుసు" అన్నాను.

"ఆమెకి చెప్పకండి మామయ్యా."

చెప్పనన్నాను. ఇదిగో చెప్పేశాను. నేను నోరు మూసుకుంటే ఏమవుతుందో చూశాం కదా. అతని మీద కోపం వస్తే రానీ, కానీ ఆ మెకానిక్కు తన కూతురిని తీసుకుని విచారణ గది బయట నిలబడి ఉన్నాడు. ఇంత పిల్ల. మీ ఆయన కర్రని పట్టుకుని చూస్తోంది. అది కూడా నీకు తెలియాలి. ఆ రెండూ కలిపి తూచుకో.

ఒకటి మాత్రం స్పష్టంగా రాస్తున్నాను. అతనికి తెలుసు కాబట్టి నా తప్పు తప్పు కాకుండా పోదు. అతనికి తెలుసని నాకు తెలియదు. నా లెక్క ప్రకారం ఏమీ తెలియని ఒక మనిషి లోపలికి పోతున్నాడు, నేను చూస్తూ నిలబడ్డాను. అతని తెలివి అతనిది, నా మౌనం నాది.

ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఆఫీసరుకి కాగితం మీద గట్టిగా చీవాట్లు పెట్టారట. ఆయన మర్నాడు ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "వారానికి ఒక పూట మా స్టేషనుకి వచ్చి కుర్రాళ్ళకి ఇనుము గురించి చెప్తారా?" అన్నాడు. నాకు చదువు లేదన్నాను. "చదువున్నవాళ్ళు చెప్పినవి మా దగ్గర బీరువా నిండా ఉన్నాయండీ" అన్నాడు. మనిషి మంచివాడే.

మొన్న మొదటి పూట వెళ్ళాను. ఇరవైమంది, చేతులు కట్టుకుని. ఇనుము గురించి తర్వాత చెప్తానన్నాను. ముందు మాట గురించి చెప్పాను. "ఇకమీదట ఒక్క ముక్కతో ఎవరూ మాట్లాడొద్దు. ఏది? ఏమైంది? ఎవరు ఏం చెయ్యాలి? మూడూ చెప్పాలి. మధ్య దూలం మెత్తబడింది, మీరు బయటికి రండి. అలాగ. అందరికీ తెలుసులే అనుకుని ఏదీ మింగెయ్యొద్దు" అన్నాను. ఒకడు, "ఇంట్లో కూడానా మేస్త్రీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఇంటికొచ్చి ఆలోచించాను. మీ అమ్మతో నలభై ఏళ్ళు ఒక్క ముక్కతో బతికాను. అయింది. సరే. తెచ్చాను. పోతున్నా. ఏది, ఎవరు, ఎందుకు అన్నది ఆమే ఊహించుకునేది. నీతోనూ అంతే. ఫోను చేసినా "ఏంటి" అంటాను, "ఉంటా" అంటాను. ఆసుపత్రి వసారాలో నిన్ను చూసి నా గుండె ఎలా అయిపోయిందో నీకు చెప్పాల్సింది. "అర్థం కాకపోతే అడగాలి" అన్నాను.

అందుకని ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకో.

మీ నాన్న ఒక మనిషిని ఆపగలిగి ఆపలేదు. మీ నాన్నకి అందుకు సిగ్గుగా ఉంది. మీ నాన్నకి నువ్వు లేక ఇల్లు తోచడం లేదు.

ఇప్పుడు ఎవరు ఏం చెయ్యాలో. నా కూతురు పాపని తీసుకుని నన్ను చూడడానికి రావాలి. వచ్చి ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టాలి. నేను మధ్యలో ఒక్క ముక్క మాట్లాడను.

నాన్న